పేర్లు లేని యార్డు

మొన్న పిడుగురాళ్ళ బస్టాండులో మాచర్ల బస్సు కోసం కూర్చుని ఉంటే, ఒక కండక్టరు మెట్టు మీద నిలబడి "సైదులూ!" అని కేకేశాడు. నా ముందు బెంచీ మీద ఇద్దరు, సోడా బండి దగ్గర ఒకడు, ముగ్గురూ ఒక్కసారే తల తిప్పారు. ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. చుట్టుపక్కల ఉన్నవాళ్ళూ నవ్వారు. "మీరు గాదబ్బాయ్, ఆ సోడా తాగే సైదులు" అన్నాడు కండక్టరు. పల్నాట్లో ఇది రోజూ జరిగే తమాషానే. ఏటి అవతల సైదులు దర్గాకి మొక్కుకుంటే పుట్టిన పిల్లలందరికీ ఆ పేరే పెడతారు. సాయిబుల ఇంట్లో ఒక సైదులు ఉంటాడు, పక్కనే హిందువుల ఇంట్లో ఇంకొక సైదులు ఉంటాడు. మాలాంటి కిరస్తానీ ఇళ్ళల్లో కూడా గుడిలో ఫాదరు పెట్టిన పేరు ఒకటి, ఇంట్లో ముసలమ్మ మొక్కుకున్న పేరు ఒకటి ఉంటాయి. ఆడపిల్లయితే సైదమ్మ.

అందరూ నవ్వారు గానీ నాకు వీపంతా చెమట పట్టింది. సంచీ ఒళ్ళోకి లాక్కుని, ఎటునుంచైనా ఏదైనా దొర్లుకుంటూ వస్తోందేమోనని పక్కకి చూశాను. బస్టాండులో ఏం దొర్లుతుంది, నా పిచ్చి గాకపోతే. అది ఒకప్పుడు నాతో పనిచేసిన ఒక మనిషి నాకు అంటించిపోయిన జబ్బు. ఇంట్లో మనవళ్ళని కూడా నేను పేర్లతో పిలవను. పెద్దోడా, నడిపోడా, కళ్ళజోడా అంటాను. ముసలాయనకి పేర్లు గుర్తుండటం లేదని కోడలు అందరికీ చెబుతుంది. చెప్పుకోనీ.

ఆయన పేరు రాయను. నాకు తెలుసు, కానీ రాస్తే ఆయనకి నచ్చదు. జమేదారు, అంతే. ఆయన పోయి చాలా కాలమై ఉంటుంది. ఎప్పుడు పోయాడో, ఎలా పోయాడో నాకు తెలియదు.

రెండో ప్రపంచయుద్ధం జరుగుతున్న రోజులవి. మాచర్ల వెళ్ళే మీటరుగేజి చిన్న లైను మీద ఒక రైల్వే యార్డు. ఏ ఊరిదో చెప్పను, ఆ సంగతి తెలిసినవాళ్ళ పిల్లలు ఇంకా ఉన్నారక్కడ. మా వైపు నుంచి నాపరాళ్ళు, మిరపకాయ బస్తాలు పోయేవి. అటునుంచి బొగ్గు వచ్చేది. పెద్ద లైను వ్యాగన్లలోంచి చిన్న లైను వ్యాగన్లలోకి పోసిన బొగ్గు, మా దాకా వచ్చేసరికి సగం పొడి. యుద్ధం ముదిరాక ఆ పొడి కూడా తడిసి ముద్దయి వచ్చేది. నేను వ్యాగన్లని అటూఇటూ జరిపే షంటింగ్ ఇంజను మీద, పొయ్యిలో బొగ్గు వేసే ఫైర్‌మన్‌ని. వచ్చిన వ్యాగన్లని విడదీసి, పోవాల్సిన వాటిని కలిపి, ఏది ఏ లైనులో నిలబడాలో అక్కడ నిలబెట్టే కూలీలందరికీ పెద్ద జమేదారు. మా ఇంజను కదలాలన్నా ఆగాలన్నా ఆయన చెయ్యి చూడాల్సిందే.

యార్డు చివర బొగ్గు దిబ్బ. దాని పక్కన మట్టికట్ట మీదికి ఎక్కే లైను ఒకటి, దాన్ని మిట్టలైను అనేవాళ్ళం. నిండు వ్యాగన్లని ఇంజనుతో ఆ మిట్ట మీదికి నెట్టి, వ్యాగను పక్కనుండే చేతిబ్రేకు కమ్మీని కిందికి నొక్కి చీలతో బిగించి, చక్రాల కింద చెక్కలు పెట్టి ఆపేవాళ్ళం. ఆడకూలీలు గంపలతో బొగ్గు దించేవాళ్ళు. ఖాళీ అయిన వ్యాగన్‌కి ఇంజను అక్కర్లేదు. బ్రేకు సడలిస్తే దానంతటదే మెల్లగా దిగివచ్చి, కింద లైనులో నిలబడి ఉన్న ఖాళీ వ్యాగన్లని తాకి ఆగేది. అందుకని బ్రేకు మనిషి ఒకడు ఎప్పుడూ మిట్ట మీదే ఉండేవాడు.

నేను ఉద్యోగంలో చేరిన మొదటిరోజు గేటు దగ్గరే జమేదారు ఎదురయ్యాడు. బక్కపలచటి మనిషి. మెడలో ఈల, భుజం మీద జెండాగుడ్డ, బొగ్గు మసిలో కూడా తెల్లగా మెరిసే కళ్ళు. నమస్కారం పెట్టి "నా పేరు..." అన్నాను.

"చెప్పమాక" అన్నాడు.

"ఏందీ?"

"పేరు చెప్పమాక. గేటు బయట పెట్టి రా. పొయ్యేటప్పుడు తీసకపో. ఎవురూ ఎత్తకపోరులే. లోపల నువ్వు పొయ్యివి."

నాకు అప్పట్లో నోటిదురుసు జాస్తి. మా అమ్మ పునీతుడి పేరు ఏరికోరి పెట్టింది నాకు. "పొయ్యేంది? అది మనిషి పేరేనా?" అన్నాను.

"మనిషి పేరు గాదు. అందుకే పెట్టా" అని వెళ్ళిపోయాడు.

లోపల అందరికీ అంతే. తూర్పు వైపు పట్టాల పాయింట్లు మార్చేవాడు తూర్పు. రెండోవైపు వాడు పడమర. వ్యాగన్ల మధ్య దూరి కొక్కేలు తగిలించేవాడు కొక్కెం. ఆడకూలీల మేస్త్రమ్మ పెద్దగంప. ఆమెకి ఈ పేరంటే మంట. "పెళ్ళయి పిల్లలున్న దాన్ని పట్టుకుని గంపేంది నీ మొహం! దాన్నే నీ నెత్తిన బోర్లిస్తా ఉండు" అని రోజూ తిట్టేది. ఆయన నవ్వేవాడు కాదు, కోప్పడేవాడు కాదు, మళ్ళీ "పెద్దగంపా" అనే పిలిచేవాడు. మా డ్రైవరు వయసు మళ్ళిన సాయిబు, ఆయన్ని మాత్రం డ్రైవరుసాబ్ అనేవాడు. మొదట్లో నేను సాయంత్రాలు బసలో జమేదారుని అనుకరించి అందర్నీ నవ్వించేవాణ్ణి. సాయిబు మాత్రం నవ్వేవాడు కాదు. అది నేను అప్పుడు పట్టించుకోలేదు.

కొన్నాళ్ళకి నాకు నవ్వడం తగ్గి భయం మొదలైంది. ఆయన చేసే పనులు అలా ఉండేవి. పని మొదలెట్టే ముందు యార్డు మధ్యలో నిలబడి మమ్మల్నందరినీ ఒక్కొక్కరినే చూసుకునేవాడు. ఎవరు ఎక్కడున్నారో కళ్ళతో ముట్టుకుని చూసేవాడు. సరే, అది పనిలో భాగం అనుకున్నాను. కానీ సంతలో కూడా అలాగే చూసేవాడు. చింతపండు కొనడానికి వచ్చి, జనం మధ్య నిలబడిపోయి, ఒక్కొక్కరి మొహం వెతుక్కుంటూ ఉండేవాడు. మిట్టలైనుకి ఏనాడూ వీపు పెట్టి నిలబడలేదు. తన బస ముందు మంచం కూడా మిట్ట కనపడేలా వేసుకునేవాడు. మధ్యమధ్యలో వంగి పట్టా మీద అరచెయ్యి ఆనించేవాడు.

"ఏం చూస్తావు జమేదారూ దాంట్లో?" అని అడిగాను ఒకసారి.

"పరిగెత్తే బండి చప్పుడు చేసిద్ది పొయ్యీ. జారే బండి చెయ్యదు. చెయ్యికి తెలియాల్సిందే."

ఆ మాట విన్నాక కొన్నాళ్ళు నేను కూడా ఇంజను దిగినప్పుడల్లా వెనక్కి తిరిగి చూసుకున్నాను.

అందరికీ ఏదో ఒక పేరు పెట్టిన మనిషి ఒక్కడికి మాత్రం పెట్టలేదు. మిట్ట మీద ఉండే బ్రేకు మనిషికి. వాణ్ణి మేమే మిట్ట అనేవాళ్ళం. మంచి ఒడ్డూ పొడుగూ ఉన్నవాడు, ఎప్పుడూ నేలచూపులు. జమేదారు వాణ్ణి పిలిచేవాడే కాదు. వ్యాగను దించాలంటే కింద నిలబడి రెండు చేతులూ పైకెత్తి, నెత్తి మీది నీళ్ళబిందె దించుకుంటున్నట్టు మెల్లగా కిందికి తెచ్చేవాడు. మిట్ట అది చూసి బ్రేకు సడలించేవాడు. అంతే. పొద్దున్నించి సాయంత్రం దాకా ఇద్దరి మధ్యా ఒక్క మాట ఉండేది కాదు.

కానీ మధ్యాహ్నం అన్నాల వేళకి ఒక వింత జరిగేది. జమేదారు మూటలోంచి జొన్నరొట్టె తీసి, సగానికి విరిచి, దాని మీద గోంగూర పచ్చడి పెట్టి, మిట్టలైను మొదట్లో ఉన్న నాపరాయి మీద పెట్టేవాడు. పెట్టి, వెనక్కి చూడకుండా తన చోటికి పోయి తన సగం తినేవాడు. ఆయన కొంచెం దూరం పోయాక మిట్ట దిగివచ్చి ఆ రాయి పక్కనే కూర్చుని ఆ సగం తినేవాడు. రొట్టె పెట్టేవాడు తినేవాడి మొహం చూడడు, తినేవాడు పెట్టినవాడి మొహం చూడడు. వీళ్ళకి ఏం తగువులో అనుకున్నాను.

ఆ తగువు ఏమిటో ఒక మేక వల్ల తెలిసింది. ఒకరోజు బస్తీ మేక ఒకటి యార్డులోకి దూరి, రాయి మీద పెట్టిన సగం రొట్టె లాక్కుపోయింది. జమేదారు దాని వెంటపడ్డాడు. ఆ వయసులో, ఆ ఎండలో, పట్టాల మీద తూలుకుంటూ ఒక మేక వెంట పరిగెత్తడం చూసి ఆడకూలీలు పకపకా నవ్వారు. పెద్దగంప నవ్వు ఆపుకోలేక అరిచింది: "పోనీ, వదిలెయ్ జమేదారూ! మేక నోట్లోది ఏం తీస్తావు!"

ఆయన ఆగిపోయాడు. మొహంలో నెత్తురు లేదు. ముందు మిట్టలైను పైకి చూశాడు. తర్వాత కింద లైనులో వ్యాగన్ల మధ్య సందుల్లోకి చూశాడు. ఒక్కొక్క సందూ చూశాడు. తర్వాత పట్టా మీద కూలబడి రెండు చేతులతో నోరు మూసుకున్నాడు. నేను మిట్ట వైపు చూశాను. వాడు బ్రేకు కమ్మీ మీద ఒళ్ళంతా వేసి పడుకున్నట్టు ఉన్నాడు. ఆ వ్యాగను అసలు కదలడం లేదు. పెద్దగంప నాలిక కరుచుకుని "నా నోరు మండ" అనుకుంటూ గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం సాయిబుని పట్టుకుని అడిగాను. ఆయన బీడీ కాలుస్తూ చెప్పాడు.

"మిట్ట పేరు సైదులు. జమేదారు మేనల్లుడొకడు ఉండేవాడు, వాడి పేరూ సైదులే. ఇద్దరిదీ బొల్లాపల్లి వైపు ఒకే ఊరు, ఒకే బజారు. ఇద్దరి తల్లులూ కలిసి ఏరు దాటిపోయి మొక్కుకున్నారు, ఒకే ఏడు కన్నారు. వీడూ ఆయన్ని మామా అనేవాడు. జమేదారే ఇద్దర్నీ తెచ్చి పనిలో పెట్టిచ్చాడు. వీడు పైన బ్రేకు మీద, వాడు కింద కొక్కేల దగ్గర. ఆ పొద్దు కింద కొక్కెం ఒకటి బిగుసుకుంది. మేనల్లుడు రెండు వ్యాగన్ల నడుమ దూరి దాంతో కుస్తీ పడతన్నాడు. అన్నాలేళయింది. పిల్లోడు ఆకలి మీదున్నాడు గదా, కొక్కెం సంగతి తర్వాత చూద్దాం, బువ్వ తిందువు రమ్మని చెప్పాలని, జమేదారు కేకేశాడు. 'సైదులూ, వదిలెయ్!' అని."

నాకు అప్పుడే అర్థమైపోయింది. కానీ సాయిబు చెప్పడం పూర్తి చేశాడు.

"పైన వీడు ఖాళీ బండి బ్రేకు మీద చెయ్యేసుకుని, ఎప్పుడు వదలమంటారా అని చూస్తన్నాడు. పేరు తనదే. మాట తనదే. వదిలాడు."

మేనల్లుడి చావు ఎవరి తప్పు అని ఊళ్ళో జనం అటూ ఇటూ మాట్లాడుకున్నారట. విచారణకి పైనుంచి దొర వచ్చాడట. "నా నోరు చేసిందయ్యా, వాడి చెయ్యి గాదు" అని జమేదారు ఒకటే మాట మీద నిలబడ్డాడట. మిట్ట ఉద్యోగం నిలబడింది. ఆ రోజు నుంచి యార్డులో పేర్లు పోయాయి. ఆ 'వదిలెయ్' అన్న మాట కూడా పోయింది. మిట్టకి చేతులతో సైగ, కొక్కెం మనిషికి 'బయటికి రా'. తన ఇంట్లో, బజార్లో కూడా ఆయన ఆ మాట అనడు, ఎవరైనా అంటే నిలబడలేడు.

అంతా విన్నాక నాకు జాలి కలగాలి. కలిగింది కూడా. దాంతోపాటే ఒళ్ళు మండింది. తప్పు తనదే అన్న మనిషి మిట్టతో ఒక్క మాట మాట్లాడితే ఏం పోయింది? సగం రొట్టె రాయి మీద పెట్టడం దేనికి? రొట్టె కోసమా వాడు నేలచూపులు చూస్తున్నాడు? నాకు కడుపులో ఏదీ ఆగదు. మర్నాడు నీళ్ళ గొట్టం దగ్గర జమేదారు ఒక్కడే దొరికితే అనేశాను.

"వాడితో మాట్లాడొచ్చు గదా."

ఎవరితో అని ఆయన అడగలేదు. "మాట్లాడితే ఏమయిద్దో నువ్వు చూశావా?" అన్నాడు. "నేను చూశా."

"అదెప్పటి మాటో..."

"నా నోట్లో ఇంకో చావుంది పొయ్యీ." సంతలో ఉప్పు ధర చెప్పినంత మామూలుగా అన్నాడు. "అది ఎవుడిదో నాకు తెలవదు. బయట పడకుండా చూసుకుంటన్నా. అంతవరకే నాకు చాతనైంది."

ఆ తర్వాత ఆయన నా వంక నోరు తెరిచినప్పుడల్లా ఒకడుగు వెనక్కి వేసేవాణ్ణి. నవ్వులాటకి కాదు, నిజంగా.

ఆ ఎండాకాలం మా కొక్కెం పట్టాళంలో చేరిపోయాడు. వాడి బదులు కొత్తవాణ్ణి పంపారు. నాదెండ్ల వైపు కుర్రాడు, అప్పుడే పెళ్ళయినవాడు, కొత్త ఉద్యోగమని తలకి నూనె రాసుకుని వచ్చాడు. జమేదారు గేటు దగ్గర చెయ్యెత్తి ఆపబోయేలోపే వాడు గడగడా చెప్పేశాడు: "నమస్కారమండీ, నా పేరు సైదులు."

జమేదారు ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. వాణ్ణి అక్కడే నిలబెట్టి స్టేషను మాస్టరు గదికి పోయాడు. మేం కిటికీ బయట నిలబడి విన్నాం. "ఈ పిల్లోడు నాకొద్దు బాబూ. ఇంకొకణ్ణి ఇప్పిచ్చండి." మాస్టరు కొత్తవాడు, నవ్వుతాలు మనిషి. పాత గొడవ ఎవరో చెప్పినట్టున్నారు గానీ బరువు తెలియదు. "మనుషులే దొరకని రోజుల్లో పేరు నచ్చలేదంటే ఎట్టాగయ్యా? అయినా నీ యార్డులో పేర్లే ఉండవుగా, వాడి పేరుతో నీకేం పని?" అన్నాడు. జమేదారు మాటే ఆయనకి అడ్డం తిరిగింది.

బయటికి వచ్చి ఆ కుర్రాడి భుజం పట్టుకుని ఊపుతూ చెప్పాడు. "ఒరేయ్, ఇను. ఇయ్యాల్టి నుంచి నువ్వు కొక్కెం. నీ పేరు మరిచిపో. నేను కొక్కెం అంటే నిన్నే. అర్థమయిందా?" వాడు భయపడి తలూపాడు. కొక్కెం, కొక్కెం అని రెండుసార్లు తనలో తను అనుకున్నాడు కూడా.

ఆ నెలంతా జమేదారు సరిగా తినలేదు. కొత్త కొక్కెం వ్యాగన్ల మధ్య దూరినంతసేపూ, ఆయన వెళ్ళి మిట్టలైనుకీ వాడికీ మధ్య నిలబడేవాడు. నిలబడి ఏం చేస్తాడు, వ్యాగనుకి ఆయన అడ్డమా? అయినా నిలబడేవాడు. యుద్ధంలో ఇనుము కరువై బ్రేకు కమ్మీలకి అరిగిపోయిన చీలలే వేసి నడిపిస్తున్నారు. చెక్కలు ఎవరో పొయ్యిలోకి ఎత్తుకుపోతున్నారు. వచ్చే బొగ్గు తడిసి రెట్టింపు బరువు. నేను రోజూ పని దిగేటప్పుడు, ఇవాళ్టికి కాలేదు అనుకునేవాణ్ణి. అలా అనుకుంటున్నానని నాకు ఎప్పుడు తెలిసిందో కూడా తెలియదు.

అది నడిమధ్యాహ్నం. రోహిణి ఎండ. బొగ్గు దిబ్బ మీద గాలి వణుకుతోంది. మిట్ట మీద నిండు వ్యాగను ఒకటి నిలబడి ఉంది. కింద లైనులో ఖాళీ వ్యాగన్లు. కొత్త కొక్కెం వాటి మధ్య దూరి ఉన్నాడు, ఒకటి బిగుసుకుందని, జమేదారుకి చెప్పకుండా. ఆడకూలీలు నీడకి పోయారు. మా ఇంజను నీళ్ళ గొట్టం దగ్గర ఉంది, ఆవిరి రొద. జమేదారు రాయి మీద రొట్టె పెట్టి, పట్టాలు దాటి, అవతలి లైనులో ఉన్న రాళ్ళ వ్యాగన్ల పక్కకి వచ్చాడు. మిట్ట తన వ్యాగనుకి బ్రేకు బిగించి, అరిగిన చీలే పెట్టి, దిగివచ్చి, మిట్టలైనుకి వీపు పెట్టి కూర్చుని రొట్టె తుంచాడు.

నేను ఇంజను మీద నుంచి ఊరికే అటు చూస్తున్నాను. మిట్టలైను పైన కట్ట చివర ఒక స్తంభం ఉంటుంది. అది ఎప్పుడూ వ్యాగను వెనక సగం కనపడుతుంది. ఇప్పుడు మొత్తం కనపడుతోంది. ఎండకి కళ్ళు చెదిరాయనుకున్నాను. కళ్ళు నులుముకుని చూశాను. స్తంభానికీ వ్యాగనుకీ మధ్య ఆకాశం కనపడింది. చప్పుడు లేదు. సాయిబు భుజం పట్టుకుని అటు చూపించాను.

జమేదారు అప్పటికే రాళ్ళ వ్యాగన్ల సందులోంచి చూశాడు, దిగే బండినీ, కింద ఆ కుర్రాడి కాళ్ళనీ. పరిగెత్తినా అందే దూరం కాదు, మధ్యలో రాళ్ళ వ్యాగన్లు అడ్డం. నోటిదాకా ఈల వచ్చింది. ఈల ఊదితే ఇంజను కదులుతుంది, మనిషి కదలడు. ఈల తెంపి పారేసి రెండు చేతులూ నోటికి పెట్టుకుని అరిచాడు.

"కొక్కెం! బయటికి రా! కొక్కెం, బయటికి రా!"

వ్యాగన్ల మధ్య నుంచి ఆ కుర్రాడి గొంతు వినపడింది. హుషారుగా, పనిలో మునిగిపోయిన గొంతు.

"రావట్లా జమేదారూ! బిగుసుకుపోయింది!"

వాడు తన గురించి కాదు, చేతిలో ఉన్న కొక్కెం గురించి చెబుతున్నాడు. ఇంకా బలంగా లాగడానికి వంగాడని, సందులో వాడి కాళ్ళు దూరం జరగడం చూసి తెలిసింది. వ్యాగను సగం మిట్ట దిగింది. ఇప్పుడు పట్టాల మీద సన్నటి మూలుగు.

జమేదారు మొహం నేను చూశాను. నోరు తెరిచి ఉంది. ఆయనకి ఏం భయమో ఆ యార్డులో నాకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఇన్నేళ్ళు నోట్లో దాచుకున్నది ఇప్పుడు బయట పెట్టాలి. అది ఎవరిని చంపుతుందో ఆయనకి తెలియదు.

"సైదులూ!"

అంతే. దాని వెనక ఇంకో మాట లేదు. ఆ ఒక్క పేరు యార్డంతా మోగింది.

పుట్టినప్పటి నుంచీ వింటున్న పేరు. కొత్త కుర్రాడు "ఏందీ?" అంటూ సందులోంచి బయటికి అడుగేసి, ఎవరు పిలిచారా అని చూశాడు. అదే క్షణంలో రాయి దగ్గర మిట్ట లేచాడు. రొట్టె చేతిలోంచి జారిపోయింది. వాడు జమేదారు వైపు చూడలేదు. పేరు వినపడగానే వాడి తల పైకి తిరిగింది, బ్రేకు ఉన్న వైపు. వ్యాగను వాడి పక్కనే పోతోంది. ఎగిరి కమ్మీ మీద పడ్డాడు. పొట్ట ఆనించి, రెండు చేతులతో కౌగిలించుకుని వేలాడాడు. వ్యాగను వాణ్ణి ఈడ్చుకుపోయింది. కంకర మీద వాడి కాళ్ళు కొట్టుకుంటూ పోవడం చూసి పెద్దగంప కేక పెట్టింది. చక్రాలు కీచుమన్నాయి. వ్యాగను నెమ్మదించింది గానీ ఆగలేదు. కింద ఖాళీ వ్యాగన్లని తాకింది. అవి ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి. కొత్త కుర్రాడు అంతకుముందు నిలబడిన సందు, వాడి కళ్ళ ముందే మూసుకుపోయింది.

ఆ చప్పుడు తర్వాత మా ఇంజను ఆవిరి తప్ప ఏమీ వినపడలేదు.

మేం చేరేసరికి మిట్ట కంకర మీద సగం, కమ్మీ మీద సగం ఉన్నాడు. పాదాల మీద తోలు లేదు. ఎముక కనపడుతోంది. కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, కమ్మీని మాత్రం కౌగిలించుకునే ఉన్నాడు. "ఆగింది అబ్బాయా, ఆగిపోయింది" అన్నాను. వినలేదు. సాయిబు చక్రాల కింద చెక్కలు పెట్టి "ఇంక కదల్దు, చూడు, కదల్దు" అన్నాడు. నేను వేళ్ళు విప్పబోయాను, ఒక్కటీ రాలేదు. పెద్దగంప ఏడుస్తూ "చెయ్యి తియ్యి నాయనా, చెయ్యి తియ్యి" అంటోంది. అనాల్సిన మాట ఒకటుంది. అది అందరి నోటిదాకా వచ్చింది. ఎవరం అనలేదు.

జమేదారు వ్యాగన్లు చుట్టు తిరిగి వచ్చాడు. మేం పక్కకి జరిగాం. వాడి తల దగ్గర కంకర మీద మోకాళ్ళు వేశాడు.

మిట్ట కళ్ళు తెరవకుండానే అడిగాడు. వాడి గొంతు నేను వినడం దాదాపు అదే మొదలు. "నన్నేనా మామా పిల్చింది?"

జమేదారు తలెత్తి కొత్త కుర్రాడి వైపు చూశాడు. వాడు మూసుకుపోయిన సందు ముందు నిలబడి, దాన్నే చూస్తున్నాడు. జమేదారు మళ్ళీ మిట్ట వైపు తిరిగాడు.

"ఆ పొద్దు పిల్చింది నిన్ను గాదురా" అన్నాడు. "ఇయ్యాల నిన్నే పిల్చా."

మిట్ట ఏడ్చాడు. చేతులు మాత్రం కమ్మీ మీదే ఉన్నాయి. జమేదారు తల తిప్పి మిట్టలైను పైకి చూశాడు. కింద వ్యాగన్ల వైపు చూశాడు. తూర్పుని, పడమరని, పెద్దగంపని, సాయిబుని, నన్ను, ఆ కుర్రాణ్ణి, ఎవరం ఎక్కడున్నామో ఒక్కొక్కర్నే చూసుకున్నాడు. అందరం పట్టాల బయటే ఉన్నాం. అప్పుడు మసి చెయ్యి వాడి తల మీద వేసి, పక్కనున్న నాకే సరిగా వినపడనంత మెల్లగా అన్నాడు.

"సైదులూ, వదిలెయ్."

వాడు వదిలేశాడు.